మామ్మ ప్రార్థనలో పునుగులు

మా మామ్మ ప్రార్థనకి కళ్లు మూసుకుందంటే చర్చిలో సగం మందికి గుండెల్లో రాయి పడేది. పాపభయం అనుకునేరు, అదేం కాదు. ఈ ముసల్ది ఇవాళ దేవుడికి ఎవరి సంగతి చెప్పేస్తుందో అని భయం.

ఇది తొంభైల చివర్లో సంగతి. నాన్న స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం చేసేవాడు. టౌన్‌షిప్ క్వార్టర్‌లో అమ్మా, నాన్నా, నాన్నని కన్న మామ్మా, నేనూ ఉండేవాళ్లం. నేను అప్పుడు ఇంటర్. కోపం ముక్కు మీద ఉండేది, ఇప్పటికీ అక్కడే కాపురం. ఆదివారం వస్తే అందరం గాజువాక పక్కన ఒక సందులో ఉన్న మా చర్చికి వెళ్లేవాళ్లం. రేకుల కప్పు. గట్టిగా వాన పడితే ప్రసంగం ఒక్క ముక్క వినబడేది కాదు. అందుకని వానాకాలం అంటే పిల్లలందరికీ మహా ఇష్టం.

ప్రసంగం అయ్యాక విన్నపాల సమయం అని ఒకటి ఉండేది. ఎవరింట్లో జ్వరం, ఎవరికి ఉద్యోగం రావాలి, ఎవరి పెళ్లి కుదరాలి, అన్నీ లేచి చెప్పుకుంటే చివర్లో పెద్దవాళ్లొకరు అందరి తరఫునా ప్రార్థన చేసేవారు. నేను పుట్టకముందు నుంచీ ఆ పని మామ్మదే. మిగతావాళ్లు ప్రార్థన మొదలెడితే గొంతు మారిపోయేది, భాష మారిపోయేది, కలెక్టరుకి అర్జీ పెట్టుకున్నట్టుండేది. మామ్మ అలా కాదు. చీర కొంగు తల మీదికి లాక్కుని, మోకాళ్లూని, గొంతు సవరించుకుని, గోడ అవతలున్న మనిషిని పిలిచినట్టు పిలిచేది.

“ప్రభువా, ఉన్నావా? నానే.”

ఇక అక్కణ్నించి మొదలు.

“మరేటంటే ప్రభువా, మూడో బ్లాకు కుర్రోడు మేడెక్కి సిగరెట్లు కాలుత్తన్నాడు. ఆలమ్మకి తెల్దు. తెలిత్తే సంపేత్తాది. నువ్వే ఎలగోలాగ మానిపించు తండ్రీ.”

ఆ అబ్బాయి తల్లి రెండు వరసల వెనకే కూర్చుని ఉంది. చర్చి మెట్ల మీదే చెప్పు తీసింది. ఇంత త్వరగా ఫలించిన ప్రార్థన నేనింకోటి చూడలేదు.

నన్ను మాత్రం వదిలిందా? “మా మనవరాలు లెక్కల్లో తప్పింది ప్రభువా. సదవక కాదు, బుర్రలోకి దిగడం నేదు. బుర్రిచ్చినోడివి నువ్వు, నువ్వే సూసుకో.” ఆ మార్కుల సంగతి నేను నాన్నకి అప్పటికింకా చెప్పలేదు. మంచి రోజు చూసి చెబుదామని దాచుకున్నాను. నాన్న ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. నేను మాత్రం భక్తిగా రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాను.

మామ్మకి తనా పరా లేదు. పక్క క్వార్టర్ ఆవిడ కొండకి వెళ్తుంటే, “ప్రభువా, పక్కింటామె సింహాచలం ఎల్తంది. మోకాళ్ల నొప్పులు దానికి. బస్సులో సీటు దొరికేలాగ సూడు” అనేది. బుధవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగితే, సరిగ్గా ప్రార్థన మధ్యలో వీధిలో చేపలమ్మే ఆవిడ కేక వినబడేది. “ఒక్క నిమిషం ప్రభువా, ఎల్లిపోకు” అని చెప్పి, గుమ్మం దాకా వెళ్లి, కానాగంత చేపలు బేరమాడి, గిన్నె అమ్మ చేతికిచ్చి, మళ్లీ మోకాళ్లూనేది. “ఆ, వచ్చినాను ప్రభువా. ఏటి సెప్తన్నాను?” ఆ చేపలావిడ కూడా తట్ట దించుకుని గుమ్మంలో నిలబడి, “మా అల్లుడు బోటు మీద ఎల్లినాడు, ఆడి సంగతి కూడా మీ దేవుడికి ఓ ముక్క సెప్పమ్మా” అనేది. మామ్మ చెప్పేది. ఆ అల్లుడికి ఈత బాగా వచ్చనీ, తాగుడొక్కటే బాధనీ వివరంగా చెప్పేది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ నవ్వొక ఎత్తు. ప్రార్థన మధ్యలో ఎక్కడో మామ్మ ఠక్కున ఆగిపోయేది. కళ్లు మూసుకునే ఉండేది. కాసేపు ఏమీ లేదు. తర్వాత భుజాలు కదిలేవి. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చేది. పళ్లు లేని నోరంతా తెరిచి, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వేది. ఆ నవ్వు చూస్తే మాకూ ఆగేది కాదు. చర్చి మొత్తం ఎందుకో తెలీకుండానే నవ్వేది. నవ్వడం అయ్యాక ముక్కు తుడుచుకుని, “సరే ప్రభువా, మరైతే ఆమెన్” అనేది.

నాకు ఒళ్లు మండేది. కుళ్లు! నేను కళ్లు మూసుకుంటే ఒక కాలు తిమ్మిరెక్కేది, బుర్ర ఇంట్లో ఉడుకుతున్న కోడికూర దగ్గరికి పోయేది. అంతకుమించి ఇంకేం జరిగేది కాదు. “ఆయనేం చెప్తాడే మామ్మా, అంత నవ్వొస్తుంది?” అని జడ వేయించుకుంటూ అడిగితే, “నీకెందుకే గుంటా” అని జడ ఒక్క గుంజు గుంజేది.

ఇలా హాయిగా సాగుతుంటే మా చర్చికి కొత్త సెక్రటరీగారు వచ్చారు. పోర్టులో టైమాఫీసులో చేసి రిటైరైన మనిషి. తెల్లచొక్కా, జేబులో పెన్ను, చేతికి గడియారం. గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్లని నిలబెట్టడంలో జీవితం గడిచిపోయింది కాబట్టి, చర్చిలో కూడా అదే పని మొదలెట్టారు. ప్రసంగానికి ఇంత టైము, పాటలకి ఇంత, ప్రార్థనకి ఇంత. టైము దాటితే కొట్టడానికి ఇంటి నుంచి బల్ల మీద పెట్టే బెల్లొకటి తెచ్చారు. మా పాస్టరయ్యగారు మంచివారు. మరీ మంచివారు కావడం వల్ల ఎవర్నీ ఏమీ అనలేరు. ఆయన ప్రసంగం మీద కూడా బెల్లు కొడితే, “థాంక్సండీ” అని కూర్చునేవారు.

మొదటిసారి మామ్మ ప్రార్థనలో ఉండగా సెక్రటరీగారు టింగుమని కొట్టారు. మామ్మ ఆగింది.

“ఉండు ప్రభువా, ఎవులో బెల్లు కొడతన్నారు. ఎవులే, తలుపు తియ్యండే!”

చర్చి గొల్లుమంది. సెక్రటరీగారి చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ కొట్టారు. “వత్తన్నారు బాబూ, ఆగు” అని ఆయన్నే ఊరుకోబెట్టి మామ్మ మళ్లీ దేవుడి దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా బావుండేది. ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం వచ్చింది. సెక్రటరీగారు నలభై రోజుల ఉపవాసం పట్టారు. పొద్దుగూకే దాకా మంచినీళ్లు తప్ప ముట్టనన్నారు. మంచిదే, పట్టనీ. కానీ ఆ మాట చెప్పకుండా ఆయన నోట ఇంకో మాట వచ్చేది కాదు. టైమెంతైందండీ అని అడిగినా “ఉపవాసంలో ఉన్నాను కదా, టైము తెలియడం లేదు” అనేవారు. ఒక ఆదివారం ఆయనే లేచి ఈ తరం పిల్లలకి నిగ్రహం లేదని మమ్మల్ని వేలు పెట్టి మరీ చూపించారు. నేను పళ్లు నూరుకున్నాను. ఆ తర్వాత మామ్మ కళ్లు మూసుకుంది.

“ప్రభువా, ఉన్నావా? నానే. మా సెక్రటరీబాబు గురించి సెప్పాల నీకు. పాపం ఉపోసం ఉంతన్నాడు. నిన్న మజ్జానం జంక్షన్లో పునుగుల బండి కాడ సూసినాను. బండెనకాల నిలబడి తింతన్నాడు. ఆకలికి ఊదుకోకుండానే మింగేత్తన్నాడు ప్రభువా! నాకు కడుపు తరుక్కుపోయింది. ముసలి పేణం, ఏటి తట్టుకుంటాది? నూనె సూత్తే నల్లగా ఉన్నాది. ఆ పునుగులు ఆడికి అరిగించు తండ్రీ. మరీ అంత కష్టమైన ఉపోసం ఆడి సేత పట్టించకు.”

పైన రేకుల మీద కాకి నడుస్తుంటే ఆ చప్పుడు వినబడింది. ముందు నా పక్కనున్న పిల్ల కిసుక్కుమంది, తర్వాత పాటల బృందం, ఆ తర్వాత, దేవుడు క్షమించాలి, పాస్టరయ్యగారు. ఆయన బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు గానీ బైబిలు ఊగిపోతోంది. మామ్మకి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. ఆవిడ నిజంగానే ఆ ముసలాయన కడుపు గురించి బెంగపడింది.

మర్నాడే చర్చి కమిటీ కూర్చుంది. తీర్మానం చేసింది. ఇకమీదట మామ్మగారు ప్రార్థన మనసులోనే చేసుకోవలెను, పైకి చేయరాదు. పాస్టరయ్యగారే స్కూటరు మీద వచ్చి, మా గుమ్మంలో నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పారు. నేను ఒంటికాలి మీద లేచాను. పునుగులు తిన్నాయనకి లేని శిక్ష చూసినావిడకి ఏంటండీ అన్నాను. ఇంకా ఏమేం అనేదాన్నో గానీ మామ్మ నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

“నోర్ముయ్యే గుంటా! సంగం పెద్దోలు సెప్పినారు. ఇనాల. మనసులో సేసుకుంతానయ్యగారూ, దానికేటుంది” అని ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపింది.

దానికేటుందో వారంలోనే తెలిసింది. ఆదివారం మామ్మ కొంగు కప్పుకుని కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. కాసేపటికి గురక వినబడింది. అమ్మ మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి “ఆమెన్” అంది. అప్పటికి పాస్టరయ్యగారు ప్రకటనలు చదువుతున్నారు. ఇంట్లోనూ అంతే. ఆ తీర్మానం చర్చికే గదా మామ్మా, ఇంట్లో నీ ఇష్టం అంటే వినదు. పెద్దోలు పైకి వద్దన్నారంటే వద్దనే. చేపలావిడ వచ్చి, “నిన్న మా అల్లుడు తాగొచ్చి గొడవ సేసినాడమ్మా, మీ దేవుడికి సెప్పలేదేటి?” అని నిలదీసింది. మామ్మ ఆ రోజు బేరమాడకుండానే చేపలు తీసుకుంది.

నవ్వు పోయింది. ఆ సంగతి నాకు ఒక్కసారిగా తెలియలేదు. ఇంట్లో ఏదో చప్పుడు ఆగిపోయినట్టుందని మాత్రం తెలిసేది. ఒక సాయంత్రం మెట్ల మీద మా ఇద్దరమే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అడిగాను.

“ఏంటే మామ్మా అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా?”

“మనసులో అంటే ఎలగే?” అంది. “ఆయనకి ఇనబడతాది, కాదన్ను. నాకు ఇనబడదు గదా! ఉన్నావా అంటాను మనసులో. నానే అడిగినానో నేదో నాకే తెల్దు. ఆయన వచ్చినాడో నేదో అసలే తెల్దు.”

చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. మామ్మ ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడూ ఏడవలేదు. కానీ ఆ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. నాకు దేవుడి సంగతి పెద్దగా తెలీదు గానీ, మామ్మకి ఆయన లేకపోతే ఇంకేముంటుంది?

నాన్నకి చెప్పాను. నాన్న ఆలోచించి, వారం సెలవు రోజున మమ్మల్నిద్దర్నీ స్కూటరెక్కించి అప్పికొండ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాడు. ఇక్కడ కమిటీ లేదు, బెల్లు లేదు, నీ ఇష్టం వచ్చినట్టు అరుచుకో అన్నాడు. మామ్మ చాలాసేపు అటూ ఇటూ చూసి, కమిటీ లేదని నమ్మకం కుదిరాక ఇసకలో మోకాళ్లూనింది. కెరటాల హోరులో మామూలు గొంతు ఏం వినబడుతుంది? అరిచింది.

“ప్రభువా! ఉన్నావా! నానే!”

దూరంగా వలలు బాగుచేసుకుంటున్న ఒకతను పరిగెత్తుకొచ్చాడు.

“ఎవుల్ని పిలుత్తన్నావు మామ్మా? బోటు మీద ఎల్లినోలినా?”

“నేదు బావూ, దేవుడ్ని.”

అతను కాస్త ఆలోచించాడు. “అయితే ఇంకా గట్టిగా పిలు. గాలి ఎదురుగా కొడతన్నాది” అని చెప్పి మళ్లీ వల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంకా గట్టిగా పిలిచింది. కానీ రెండు మాటలయ్యాక ఆగిపోయింది. నవ్వు కోసం నేను ఆవిడ భుజాల వైపే చూశాను. రాలేదు. కళ్లు తెరిచి కొంగు దులుపుకుంది. “ఎవులి గురించి సెప్పాలే ఇక్కడ? ఈ పీతల గురించా?” అంది. నాన్న స్కూటరు ఇంటివైపు తిప్పాడు.

ఈస్టరు అయిపోయిన కొన్నాళ్లకి ఒకరోజు పొద్దున్నే పాస్టరయ్యగారు మళ్లీ వచ్చారు. సెక్రటరీగారికి పిత్తాశయంలో రాళ్లట. భరించలేని నొప్పిట. ఆసుపత్రిలో చేర్చారట, ఇంకాసేపట్లో ఆపరేషనట. “మామ్మగారిని తీసుకురమ్మంటున్నారండీ” అన్నారు.

“పునుగులు తింటే రాళ్లు రావా మరి!” అన్నాను నేను. అమ్మ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. మామ్మ అప్పటికే చెప్పులేసుకుంది.

ఆసుపత్రి గదిలో ఆ మనిషిని చూసి నేను గుర్తుపట్టలేదు. తెల్లచొక్కా లేదు, పెన్ను లేదు, గడియారం కూడా తీసేశారు. ఆకుపచ్చ గౌను ఒకటి వేశారు, మోకాళ్ల దాకా. ఆయన కాళ్లు ఎంత సన్నగా ఉన్నాయో! భార్య ఒక పక్క నిలబడి ఉంది. కమిటీ వాళ్లంతా మంచం చుట్టూ చేతులు కట్టుకుని ఉన్నారు. పాస్టరయ్యగారు ప్రార్థన చేశారు, చక్కగా, టైము ప్రకారం. ఆమెన్ అన్నాక కూడా సెక్రటరీగారి మొహంలో రంగు రాలేదు.

“మామ్మగారూ, మీరు కూడా” అన్నారు.

మామ్మ మంచం పక్కన మోకాళ్లూని, కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. మేమంతా ఎదురుచూశాం. గోడ గడియారం కొట్టుకుంటోంది. కాసేపటికి సెక్రటరీగారు ఒక కన్ను తెరిచారు.

“ఏటమ్మా, సేత్తన్నావా?” ఆ టైమాఫీసు భాషంతా ఎటుపోయిందో, ఆయన నోట కూడా మా మాటే వచ్చింది.

“సేత్తన్నాను బాబూ. మనసులో.”

“పైకి సెయ్యమ్మా!”

“వద్దన్నారు గదా బాబూ. తీర్మానమైపోనాది.”

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. మామ్మకి ఎత్తిపొడవడం రాదు, ఆ పని ఇంట్లో నేను చూసుకునేదాన్ని. నర్సు స్ట్రెచరు తోసుకొచ్చింది, టైమైంది పదండి అంది. సెక్రటరీగారు ఆవిడకి చెయ్యి అడ్డం పెట్టారు.

“ఒక్క నిమిషం తల్లీ. కమిటీ అంతా ఇక్కడే ఉందా? కోరం ఉందా? మామ్మగారి మీద చేసిన తీర్మానం రద్దు చెయ్యాలని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?”

“నేనండీ!” అన్నారు పాస్టరయ్యగారు, గది అదిరేలా. జీవితంలో ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. మిగతావాళ్లు చేతులెత్తారు. ఏం జరుగుతోందో అర్థం కాక నర్సు కూడా ఎత్తేసింది.

“తీర్మానం రద్దయింది. ఇక సెయ్యమ్మా!”

మామ్మ గొంతు సవరించుకుంది.

“ప్రభువా, ఉన్నావా? నానే. శానా రోజులైపోనాది. నీకు సెప్పాల్సినియ్యి ఇంత పేరుకుపోయినాయి…”

మొదలైంది. నర్సు ఆగలేదు, సెక్రటరీగారిని స్ట్రెచరెక్కించి తోసింది. మామ్మ కళ్లు మూసుకునే పక్కన నడిచింది. ఒక భుజం అమ్మ పట్టుకుంది, ఇంకోటి నేను. వరండా పొడుగునా ప్రార్థన. “ప్రభువా, ఈడు సూడ్డానికే గట్టిగా ఉంతాడు, లోపల సిన్న పిల్లోడు. బయమేత్తంది ఆడికి. రాత్రంతా ఏడిసినాడంట, ఆలావిడ సెప్పింది. బెల్లు పోతే పోనీ గాని మడిసిని తేవాల నువ్వు. మంచోడే. ఉపోసం నిలబడనేదు గాని పట్టినాడు గదా! మనలో ఎంతమంది పట్టినారు? సేపలావిడ అల్లుడు మళ్లీ తాగతన్నాడు, అది తరవాత సెప్తాను…” అటూ ఇటూ ఉన్న రోగులు లేచి కూర్చుని వింటున్నారు. సెక్రటరీగారి భార్య తల వంచుకుంది. ఆయన మాత్రం మామ్మ కొంగు చివర గట్టిగా పట్టుకుని, ఆగకమ్మా, ఆగకు అంటున్నారు.

ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర మామ్మ తనే ఆగిపోయింది. ఠక్కున.

కళ్లు మూసుకునే ఉంది. భుజాలు కదిలాయి. నా చేతికింద తెలిసింది నాకు, ముందు సన్నగా, తర్వాత ఒళ్లంతా. నవ్వింది. పళ్లు లేని నోరంతా తెరిచి, కన్నీళ్లు కారేలా, ఆసుపత్రి వరండాలో అందరి ముందూ నవ్వింది. స్ట్రెచరు మీద ఆ ముసలాయనకీ నవ్వొచ్చేసింది. పొట్ట పట్టుకుని, “అమ్మా, నొప్పి, నొప్పి” అంటూనే నవ్వుతున్నారు.

“ఏటి సెప్పినాడమ్మా ఆయన?” అన్నారు.

ఇన్నాళ్లూ నాకు చెప్పని జవాబు ఆయనకి చెప్పింది.

“ఏటీ సెప్పడు బాబూ. ఎప్పుడూ ఏటీ సెప్పడు. ఉంతాడంతే. సాలదేటి?”

తలుపు మూసుకుంది. బయట బల్ల మీద కూర్చున్నాం. అమ్మ కాఫీ కోసం వెళ్లింది. మామ్మ అలిసిపోయి నా భుజం మీద తల వాల్చింది.

“నాను అలిసిపోనాను. కూసింతసేపు నువ్వు సెయ్యే” అంది.

“నాకు రాదు మామ్మా.”

“రాడానికేటుంది? ఉన్నదేటో అది సెప్పు.”

చుట్టూ చూశాను. ఎవరూ మా వైపు చూడటం లేదు. కళ్లు మూసుకున్నాను.

“ప్రభువా, ఉన్నావా? నేనే,” అన్నాను పైకే, చిన్నగా. “లెక్కల్లో మళ్లీ తప్పేలా ఉన్నాను. ఆ ముసలాయనంటే నాకు పీకల దాకా కోపం. అయినా ఆయన చచ్చిపోకూడదు. చచ్చిపోతే నేను ఎవర్ని తిట్టుకోవాలి?”

ఇంకా ఏదో చెబుదామనుకున్నాను. కాలు తిమ్మిరెక్కుతుందేమోనని చూశాను, ఎక్కలేదు. కోడికూర కూడా గుర్తుకు రాలేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత, ఎందుకో తెలీదు, నాకు నవ్వొచ్చింది.